బకెట్టు వెనక లైను

బళేపేట, బెంగళూరు
డిసెంబరు, 1997

మా భవ్యమ్మకు నాయన మనసారా దీవించి రాస్తున్న సంగతులు. దేవుడి దయవల్ల ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వూ, నీ గదిలో పిల్లలూ చలికి జలుబూ దగ్గూ లేకుండా ఉన్నారని తలుస్తాను.

ముందు ఒక పని చెయ్యి తల్లీ. కిందటి నెల నీకు పంపిన నీళ్ల హీటరు కడ్డీ ఎక్కడుందో చూడు. గోడకు తగిలించి ఉంటే స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, తీగ చుట్టి, అట్టపెట్టెలో పెట్టి మంచం కిందికి తోసెయ్యి. పిల్లలు అడిగినా ఇవ్వకు. ఎంత చలిగా ఉన్నా చన్నీళ్లే పోసుకోండి, లేకపోతే వంటమనిషిని బతిమాలి చెంబెడు వేణ్ణీళ్లు తెచ్చుకోండి. ఆ పని అయ్యాకే మళ్లీ వచ్చి ఈ ఉత్తరం చదువు. నేను ఇక్కడే కూర్చుని ఉంటాను.

చేశావా? మంచి పిల్లవి. మీ హాస్టలుకు ఫోన్ చేశాను. వార్డెనమ్మ ఎత్తి, నువ్వు క్లాసుకు పోయావంది. "హీటరు ముట్టుకోవద్దని మా అమ్మాయికి చెప్పండమ్మా" అన్నాను. "ఏం హీటరు? హాస్టల్లో హీటర్లు పెట్టుకోకూడదని తెలియదా మీకు?" అంది. నేను ఫోను పెట్టేశాను. నిన్ను కాపాడానో, పట్టించానో నాకే తెలియలేదు. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఎస్టీడీ బూతులో తలుపు వేసుకుని, అవతల గంట మోగుతుంటే వింటూ నిలబడ్డాను. ఆవిడ నిన్ను తిట్టి ఆ కడ్డీని లాక్కుని ఉంటే నాకు అంతకన్నా సంతోషం లేదు. లాక్కోలేదేమో అని భయం. పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందోనని, తిరుపతి కొండకు పోతున్న మన వీధి రామయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. గేటు దగ్గర నిలబడి నీ చేతికే ఇస్తానని మాటిచ్చాడు. ఆయనకు కాఫీ ఇప్పించు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెప్తాను. బెదిరిపోయినప్పుడు వరస తప్పకుండా పోవడం తప్ప ఇంకో మందు నాకు తెలియదు.

నీ స్నేహితురాళ్లు అడిగిన ఆకుపచ్చ గాజులు పక్కింటి భాగీరథమ్మ కొట్లో తీసి పెట్టాను. రామయ్య సంచిలోనే ఉన్నాయి, చుట్టూ గుడ్డ చుట్టాను, జాగ్రత్తగా విప్పు. మన వీధి కొళాయి ఇంకా బాగు కాలేదు. తవ్వి పోయినవాళ్లు మళ్లీ రాలేదు. ఆ గుంతలో ఒక ఆటో పడి, లేచి, మళ్లీ పడింది. ఇక మీ అమ్మను ఎప్పుడూ రాసే రెండు లైన్లతో సరిపెట్టక ఈసారి నిండుగా రాయమన్నావు. దాని సంగతి చివర చెప్తాను. కింద చోటు వదులుతాను.

హీటరు పెట్టెలోని కాగితం చూసి మీ గదిలో పిల్లలు ముచ్చటపడ్డారనీ, అక్షరాలు బకెట్టు బొమ్మ చుట్టూ ఎట్లా తిరిగాయో మీ నాయనను అడగమన్నారనీ రాశావు. ఆ కాగితం మా నాయనే చేశాడని గొప్పగా చెప్పుకున్నానని కూడా రాశావు. నీ ఉత్తరం వచ్చిన రోజు ఆ లైను మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. ఇప్పుడు అదే లైను చూడాలంటే కళ్లు తిప్పుకోవలసి వస్తోంది. అయినా అడిగావు కాబట్టి చెప్తాను.

సీసపు అక్షరాల కాలంలో బొమ్మ చుట్టూ అక్షరాలు పేర్చాలంటే నడుము విరిగేది. బొమ్మ దిమ్మను మధ్యలో పెట్టి, పక్కన ప్రతి లైనూ దాని ఒంపుకు తగ్గట్టు పొట్టిగానో పొడుగ్గానో కట్టాలి. ఒక్క మాట ఎక్కువైతే పైనుంచి అన్నీ విప్పుకోవాలి. ఇప్పుడు కంప్యూటరులో బొమ్మ పెట్టగానే దాని చుట్టూ ఒక చుక్కల గీత వస్తుంది. మా అచ్చు కొట్లో దాన్ని కంచె అంటాం. అక్షరం కంచె దాటి లోపలికి రాదు. మౌసుతో పట్టి ఆ కంచెను బకెట్టు ఆకారానికి లాగితే చాలు, అక్షరాలు వాటంతట అవే పక్కకు ఒదిగి, పిడి దగ్గర వంగి, అడుగు దగ్గర మళ్లీ బారుగా వచ్చేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను.

కానీ మన తెలుగుతో ఒక చిక్కు ఉంది. ఒత్తులు కిందికి వేలాడతాయి. ఇంగ్లీషు లైనుకు సరిపోయే సందు మనకు చాలదు. బొమ్మకు పైన ఉన్న లైనుకు కాస్త ఎక్కువ జాగా ఇవ్వకపోతే ఒత్తులన్నీ బొమ్మ అంచుకు తగిలి తెగిపోతాయి. మాటలు కూడా పొడుగు. మీ అమ్మ అంటుంది కదా, తెలుగు మా పుట్టింటి చుట్టాల మాదిరి, కూర్చోమంటే పండుకుంటాది అని.

బొమ్మనహళ్ళిలో ఉన్న హీటర్ల కంపెనీ మనిషి ఇంగ్లీషు కాగితం తయారుచేసుకుని మా కొట్టుకు తెచ్చాడు. నడుమ బకెట్టు, అందులో కడ్డీ, చుట్టూ వాడే పద్ధతి. అదే అచ్చులో కన్నడం, తమిళం, హిందీ, తెలుగు కూడా పొయ్యాలి. ఎప్పటిలాగే తెలుగు ఆఖర. మిగతావన్నీ సరిపోయాయి. తెలుగు పొయ్యగానే చివర ఒక లైను మిగిలిపోయింది. అక్షరం సైజు తగ్గించాను. అయినా మిగిలింది. బకెట్టును కొంచెం చిన్నది చేస్తానన్నాను. కంపెనీ మనిషి ఒప్పుకోలేదు. అన్ని భాషల్లోనూ బకెట్టు ఒకేలా ఉండాలట.

మా ఓనరు కృష్ణప్ప నా వెనక నిలబడి తొందరపెట్టాడు. "బొమ్మ ముట్టొద్దంటా ఉండారు కదప్పా. ఎట్లన్నా సర్దు. అచ్చుకు ప్లేటు వేసేటోడు కాచుకోని ఉండాడు."

సర్దాను. కంచెను బకెట్టు అంచు దాటించి లోపలికి లాగాను. కొంచెం లాగితే అక్షరాలు బొమ్మను ఒరుసుకుని నిలబడతాయి. ఇంకాస్త లాగితే బొమ్మ వెనక్కే పోతాయి. ఇది నాకు తెలియనిది కాదు. తెర మీద పేజీ అంతా ఒకేసారి కనపడాలని చిన్నగా పెట్టుకున్నాను. చివర మిగిలిన లైను మాయమైంది. అమ్మయ్య, ఎక్కడో సందు చూసుకుని ఇరుక్కుందిలే అనుకున్నాను.

ఆ లైను బకెట్టు వెనక్కి పోయింది భవ్యా. బకెట్టు బొమ్మకు తెల్లరంగు నింపి ఉంది. దాని వెనక పడిన అక్షరం అచ్చులో రాదు. పోయిన లైను ఇది: స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకనిదే నీళ్లలో చెయ్యి పెట్టరాదు. దానికి పైనున్న లైను మాత్రం చక్కగా, ఒత్తులు కూడా తెగకుండా పడింది: కాసేపయ్యాక నీళ్లు వేడెక్కాయో లేదో చూసుకోండి.

తెలుగు పని ఏదైనా అచ్చుకు పోయే ముందు ఇంటికి తెస్తానని నీకు తెలుసు. మీ అమ్మ పొయ్యి మీద పులుసు మరుగుతుంటే పీట మీద కూర్చుని, చెవి వెనకనుంచి ఎర్ర పెన్సిలు తీసి చూస్తుంది. ఇన్నేళ్లలో ఆమె కన్ను దాటి పోయిన తప్పు నేను చూడలేదు. ఆ రోజు మాత్రం తేలేదు. కంపెనీ మనిషి కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. అతనికి తెలుగు రాదు. అన్ని భాషల కాగితాలూ పక్కపక్కన పెట్టి, బకెట్లన్నీ ఒకే చోట ఉన్నాయా అని చూసి సంతకం పెట్టాడు. సరిగ్గా ఒకే చోట ఉన్నాయి. పని నచ్చిందని తర్వాత రెండు హీటర్లు ఊరికే ఇచ్చి పోయాడు. ఒకటి ఇంట్లో పెట్టుకున్నాం. ఒకటి నీకు పంపాం.

లైను పోయిందని ఎట్లా తెలిసిందంటావా? అది తర్వాత. తెలిశాక ఏం చేశానో ముందు చెప్తాను, అది నాకు కాస్త సులువు.

ఈ పొద్దున కొట్టు తెరిచీ తెరవగానే పోయాను. కృష్ణప్ప దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏమప్పా నారాయణప్పా, చెప్పులు లేకుండా వచ్చినావు?"

నేను పోయి కంప్యూటరు ముందు కూర్చుని ఆ కాగితం తెరిచాను. బకెట్టు బొమ్మను మౌసుతో పట్టుకుని పక్కకు జరిపాను. వెనక ఆ లైను ఉంది. ఒక్క అక్షరం చెడలేదు, ఒక్క ఒత్తు పోలేదు. కృష్ణప్ప నా భుజం మీదుగా వంగి చదివాడు. ఆయన కూడా మనలాంటివాడే, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం.

"అయ్యో దేవరే" అన్నాడు. ఊదుబత్తి చేతిలోనే కాలుతోంది.

"కంపెనీవాళ్లకు చెప్పాల" అన్నాను.

"చెప్తే ఏమయితాదో తెలుసునా? కేసు పెడతారు. నీ మీదా, నా మీదా. పెట్టెలు సీలు వేసి పంపించేసినారు కదప్పా, ఇప్పుడు ఎవురు వెనక్కి తెస్తారు? సుమ్నే ఉండు, నోరు మూసుకోని. హీటరు కొన్నోడు ఎవుడన్నా కాగితం చదువుతాడా? పెట్టె చించుతారు, కాగితం పారేస్తారు. ఎవురూ చదవరు."

"చదివినోళ్లు ఉండారు" అన్నాను.

"ఎవురు?"

భవ్యా, కృష్ణప్పకు చెప్పిన మాటే నీకూ చెప్పాలి. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను. పైన మేమంతా బాగున్నాం అని రాశాను కదా, అది చేతి అలవాటు. రాసేశాక కొట్టెయ్యాలని పెన్ను పెట్టాను. ఉత్తరం విప్పగానే కొట్టేసిన ఆ లైను చూస్తే నీ గుండె ఆగిపోతుందని మానుకున్నాను. ఇప్పుడు నేను రాయబోయేది నిదానంగా చదువు. మీ అమ్మ బతికే ఉంది. ఇంకోసారి చదువు. మీ అమ్మ బతికే ఉంది, మాట్లాడుతోంది. ఆసుపత్రిలో ఉంది. ఈ ఉత్తరం నేను రాస్తున్నది ఆమె వార్డు బయట వరండాలో, బెంచీ మీద కూర్చుని.

హీటరు ఇంటికి తెచ్చిన రోజు పెట్టె విప్పగానే మీ అమ్మ కడ్డీని పక్కన పెట్టి ముందు కాగితం తీసింది. అద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. "ఈసారి తప్పుల్లేవే. ఎవురికి చూపించినారు?" అని మూతి తిప్పింది. "నువ్వు లేకపోయినా పని జరుగుతాది చూడు" అని నేను నవ్వాను. ఆ మాటను నాలుక మీదనుంచి గీకి పారెయ్యాలనిపిస్తోంది ఇప్పుడు. ఆమె ఆ కాగితాన్ని పారెయ్యలేదు. అన్నం మెతుకులతో స్నానాలగది గోడకు అంటించింది. మీ నాయన చేసినది కదా. కొన్నాళ్లు కడ్డీని పెట్టె లోనుంచి తియ్యనే లేదు, కరెంటు బిల్లు ఎక్కువొస్తుందని. నిన్న చలి ఎక్కువగా ఉందని తీసింది. మన మిక్సీ కొన్నప్పుడు ఆ పుస్తకం ముందు పెట్టుకుని, ఒక్కో లైనూ చదువుతూ చట్నీ రుబ్బింది, గుర్తుందా? ఇదీ అట్లాగే చేసింది.

స్టీలు బకెట్టులో నీళ్లు పట్టుకుంది. కడ్డీ వేలాడదీసింది. స్విచ్చి వేసింది. కాసేపయ్యాక నీళ్లు వేడెక్కాయో లేదో చూసుకుంది.

నేను ముందు గదిలో పేపరు చదువుతున్నాను. చెంబు పడిన చప్పుడు వినపడింది. "ఏమయింది?" అని అరిచాను. వెళ్లి చూస్తే ఆమె వంగి ఉంది, చెయ్యి బకెట్టులో ఉంది, నోరు తెరిచి ఉంది, గొంతు లేదు. పట్టుకోబోయాను. వెనకనుంచి భాగీరథమ్మ కేక. "ముట్టొద్దప్పా! నువ్వూ పోతావు! స్విచ్చి!" ఆవిడ పప్పుగిన్నె తిరిగివ్వడానికి మన ఇంట్లోకి వచ్చి ఉంది, మన అదృష్టం. రోజూ వేసి తీసే స్విచ్చి ఆ క్షణాన ఎక్కడుందో నాకు తెలియలేదు. భాగీరథమ్మే తలుపు మూలనున్న చీపురు తిప్పి పట్టుకుని, కర్రతో స్విచ్చి మీద కొట్టింది. మీ అమ్మ నా మీదికి పడింది. ఆమె జుట్టు తడిగా ఉంది. నేను గోడ వైపు చూశాను. ఆ కాగితంలో బకెట్టు నా కళ్లెదురుగానే ఉంది.

కుడిచేతి వేళ్లు కాలాయి. కట్టు కట్టారు. దానికి నేను అంతగా భయపడడం లేదు. గుండె కొట్టుకునే తీరు ఇంకా సరిగ్గా లేదనీ, కొన్నాళ్లు కనిపెట్టి చూడాలనీ డాక్టరు అన్నాడు. ఆమె మంచం పక్కన ఒక చిన్న తెర పెట్టారు. దాని మీద గీత ఎగురుతూ పోతుంది. అప్పుడప్పుడు ఒక ఎగురు తప్పుతుంది. తప్పినప్పుడల్లా నేను లేచి నిలబడతాను. నర్సమ్మ విసుక్కుని నన్ను బయట కూర్చోబెట్టింది.

తెలివి వచ్చాక మీ అమ్మ ముందు అడిగింది ఏమిటో తెలుసా? డాక్టరు నాతో, ప్లగ్గు తీయకుండా ఎవరు చెయ్యి పెట్టమన్నారు, కాగితం మీద రాసి ఉంటుంది కదా అంటుంటే ఆమె విన్నది.

"ఆ మాట యాడుండాది? నేను చూడలేదే. నా కండ్లు పొయినాయా?" అంది.

తన కళ్లనే అనుమానించింది. అప్పటికి నాకూ అంతా తెలియదు. కానీ ఆ మాట వినగానే కొట్లో ఆ రోజు మిగిలిపోయిన లైను, నేను లాగిన కంచె గుర్తొచ్చాయి. "నీ కండ్లు బాగుండాయి మునిలక్ష్మీ. ఆ లైను అచ్చు కాలేదు. బకెట్టు వెనక పడిపోయింది. నేనే పడేసినాను" అన్నాను.

ఆమె పైకప్పు వైపు చూస్తూ, "నాకు చూపించింటే పట్టుకోనుంటిని కదా" అంది. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాసేపటికి ఉన్నట్టుండి నా వైపు తల తిప్పింది. "ఇంకోటి భవ్యకు పంపినాము కదా" అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాకు తట్టలేదు తల్లీ. నువ్వు గుర్తుకే రాలేదు. మంచం మీద పడి ఉన్న ఆమెకు తట్టింది, తిరుగుతున్న నాకు తట్టలేదు. చెప్పులు మంచం కిందే వదిలి ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను. అక్కణ్నుంచి కృష్ణప్ప దగ్గరికి.

ఇదే చెప్పాను కృష్ణప్పకు. ఆయన మెల్లగా కూర్చున్నాడు. మీ అమ్మ చేతి రాగిసంకటి ఎన్నిసార్లు తిన్నాడో. చాలాసేపు మొహం తుడుచుకుని, "నువ్వు పో కంపెనీకి. నేను రాలేనప్పా, నాకు భయము. కానీ ఆ మిషను నీది అనుకో. ఏం కొట్టుకుంటావో కొట్టుకో" అన్నాడు. తన చెప్పులు విప్పి నా ముందుకు తోశాడు. అవి నాకు పెద్దవి. వాటితోనే బొమ్మనహళ్ళికి బస్సెక్కాను.

కంపెనీలో సంతకం పెట్టిన మనిషే దొరికాడు. కాగితం చూపించాను. మొహం తెల్లబోయింది. లోపలికి పోయి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. తప్పు నాదేనని ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. అతని సంతకం సంగతి అందులో లేదు. బొమ్మ ముట్టొద్దన్న సంగతీ లేదు. చేస్తేనే గోడౌనుకు ఫోన్ చేస్తానన్నాడు. చేసేశాను. అతను నా ఎదుటే ఫోన్ చేసి, ఉన్న పెట్టెలు కదపొద్దన్నాడు. కానీ తెలుగు కాగితం ఉన్న పెట్టెలు చాలావరకు అప్పుడే పోయాయి. చిత్తూరుకు, మదనపల్లెకు, మీ తిరుపతికి. ఆ సంతకం పట్టుకుని పోలీసులు వస్తారేమో తెలియదు. వరండాలో బూట్ల చప్పుడు వినపడితే తల దించుకుంటున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని ఎన్నిసార్లు నవ్వుతూ అన్నానో. ఆ సామెత ఇక నా నోట రాదు.

తిరిగివచ్చి కృష్ణప్ప కొట్లో కూర్చుని ఆ ఒక్క లైనూ పెద్ద అక్షరాల్లో కొట్టాను. బొమ్మ లేదు, కంచె లేదు, కాగితం నిండా అదొక్కటే. అచ్చు తీసి చీటీలుగా కత్తిరించాను. కృష్ణప్ప కూడా పక్కన కూర్చుని కత్తిరించాడు. ఒక కట్ట మదనపల్లె బస్సు డ్రైవరుకు ఇచ్చాడు, అక్కడ ఆయన బావమరిది ఉన్నాడు. ఇంకో కట్ట చిత్తూరుకు పంపే మనిషి కోసం వెతుకుతున్నాడు. రామయ్య సంచిలో గాజుల కింద ఉన్న కట్ట నీకు.

ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతాను. ఉత్తరం చదివిన వెంటనే బస్సెక్కి వచ్చేస్తావని నాకు తెలుసు. రా. రావద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ ఎక్కే ముందు నీ స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని తిరుపతి బజారులో కరెంటు సామాన్ల కొట్లన్నీ తిరుగు. ఆ హీటరు పెట్టెలు ఎక్కడ కనపడితే అక్కడ ఒక్కో పెట్టెలో ఒక్కో చీటీ పెట్టించు. ఒప్పుకోకపోతే మీ అమ్మ సంగతి చెప్పు. ఎవరికైనా అమ్మి ఉంటే వాళ్ల ఇల్లు ఎక్కడని అడుగు. భయపడకు అని రాద్దామనుకున్నాను, నేనే ఇట్లా వణుకుతూ నీకు ఆ మాట ఎట్లా రాసేది? భయపడుతూనే పో తల్లీ. ఏ ఇంట్లో ఎవరు బుద్ధిగా ఆ కాగితం చదువుకుంటున్నారో, మీ అమ్మలాగ నమ్మి చేస్తున్నారో, అది తలచుకుంటే నాకు ఇక్కడ ఊపిరాడడం లేదు.

ఇక అమ్మ లైన్ల సంగతి. కింద చోటు వదిలాను, ఎప్పటికన్నా ఎక్కువే. కుడిచేతికి కట్టు ఉంది, ఎడమచేత్తో ఆమె ఎప్పుడూ రాయలేదు. పొద్దున్నుంచి నాతో పెద్దగా మాట్లాడలేదు. నొప్పి వల్లనో, నా మీద మనసు విరిగో అడగలేకపోయాను. నర్సమ్మను బతిమాలి ఈ కాగితాలన్నీ ఆమె పక్కన పెట్టించి, బయటికి వచ్చి నిలబడతాను. ముందే చెప్తున్నాను, చోటు ఖాళీగా ఉన్నా బెదిరిపోవద్దు. ఆమె బదులు నేను ఏదో ఒకటి రాసి నింపను. రామయ్య బస్సు సాయంత్రం. అప్పటిదాకా చూస్తాను.

ఇట్లు,
నీ మేలు తప్ప ఇంకేమీ కోరుకోలేని,
మీ నాయన
నారాయణప్ప

భవ్యా,
స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకనిదే నీళ్లలో చెయ్యి పెట్టరాదు.
ఎడమచేత్తో రాస్తా ఉండాను, అక్షరాలు వంకర. ముందు కొట్లకు పో, ఆ తర్వాతే రా. మీ నాయన నిన్నటినుంచీ బువ్వ తినలేదు. ఉత్తరమంతా చదివినాను. పైన మేమంతా బాగున్నాం అని రాసిన లైను ఇప్పుడు కొట్టేస్తానని లోపలికి వచ్చినాడు. వద్దన్నాను. ఉండనీ.
అమ్మ